2024లో అమెరికా సాకర్ లీగ్ (ఎంఎల్ఎస్) కప్పు కొట్టిన ఎల్ఏ గెలాక్సీకి 2025లో మొదటి 16 మ్యాచ్‌లు ఆడినా ఒక్క గెలుపు రాలేదు, ఏటి గురూ ఇది?

ఆదివారం_ఎనిమిదింటికి:

ముందే చెప్పేస్తున్నా, నాకు ఫుట్‌బాల్ జ్ఞానం తక్కువ, పుట్టు క్రికెట్ పిచ్చోణ్ణి. మా బావ లాస్ ఏంజెలెస్ దగ్గర టోరెన్స్‌లో ఉంటాడు, గెలాక్సీ వాళ్ళ గ్రౌండ్ ఉన్న కార్సన్ పక్క ఊరే. 2024 డిసెంబర్ 7న వాళ్ళ ఫైనల్ జరుగుతుంటే ఫోన్ చేసి లేపాడు, మనకి అప్పటికే తేదీ మారిపోయింది, ఇంట్లో అందరూ పడుకున్నాక దుప్పట్లో ఫోన్ పెట్టుకుని చూశాను. 13 నిమిషాలకే రెండు గోల్స్, పెయింట్సిల్ ఒకటి, జొవెలిచ్ ఒకటి. చివరికి న్యూయార్క్ రెడ్ బుల్స్ మీద 2-1. క్లబ్‌కి ఆరో కప్పు అన్నారు. సంక్రాంతికి బావ వస్తూ జెర్సీ కూడా తెచ్చాడు. అంతే, ఇరుక్కుపోయాను.

ఇక 2025 సీజన్ సంగతి. మొదటి మ్యాచ్ శాన్ డియేగోతో, వాళ్ళు ఆ ఏడే పుట్టిన కొత్త జట్టు, లీగ్‌లో వాళ్ళకది మొట్టమొదటి మ్యాచ్. మనోళ్ళు సొంత గ్రౌండ్‌లో 0-2తో ఓడిపోయారు. సర్లే మొదట్లో అలాగే ఉంటుందిలే అనుకున్నా. అక్కణ్ణుంచి వరసగా 16 మ్యాచ్‌లు, 12 ఓటములు, 4 డ్రాలు, గెలుపు సున్నా. ఫైనల్లో తాము ఓడించిన అదే రెడ్ బుల్స్ చేతిలో మే నెలలో 0-7. ఏడు! తెల్లవారుజామున లేచి మరీ చూశాను ఆ దరిద్రం.

కాలిఫోర్నియాలో శనివారం రాత్రి ఏడున్నర అంటే ఎండాకాలంలో మనకి ఆదివారం పొద్దున ఎనిమిది. ఆ టైముకి మా ఇంట్లో నా డ్యూటీ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు తేవడం. మ్యాచ్ చూసి వెళ్తే వంజరం అయిపోయి కానగంతలు మిగులుతున్నాయి. మా అమ్మ అయితే "గెలవనోళ్ళ కోసం చేపలు పోగొడతావేట్రా" అని వారం వారం ఒకటే పాట. జూన్ 1 ఆదివారం ఆవిడ పోరు పడలేక మ్యాచ్ వదిలేసి హార్బర్‌కి పోయాను. సరిగ్గా ఆరోజే సాల్ట్ లేక్ మీద 2-0తో గెలిచారు. చేతిలో చేపల సంచి, ఫోన్‌లో స్కోరు, ఎవరికి చెప్పుకోను.

సీజన్ ముగిసేసరికి 34 మ్యాచ్‌ల్లో 7 గెలుపులు, 18 ఓటములు, 9 డ్రాలు, 30 పాయింట్లు. లీగ్‌లో పడమటి జట్ల విభాగం వెస్ట్‌లో 15 జట్లుంటే వీళ్ళది 14వ స్థానం. నా డౌట్లు ఏంటంటే, కప్పు కొట్టిన జట్టు మూడు నెలల్లో ఇంతలా ఎలా పాడైపోతుంది? కోచ్‌ని ఎందుకు పీకలేదు, పీకకపోగా ఒక్క గెలుపూ రాకముందే మే నెలలో కాంట్రాక్ట్ పొడిగించారట, అదేం లెక్క? ఇంగ్లాండ్‌లోలా కింది లీగ్‌కి ఎందుకు తోసేయరు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

జగదాంబ_జంక్షన్:

గురూ, ఆ జెర్సీ ఎప్పట్నుంచి వేసుకుంటున్నావు? సంక్రాంతి నుంచేనా? ఇంకేం, కారణం దొరికేసింది. నువ్వు చూడని రోజునే గెలిచారంటే ఇంక వేరే విశ్లేషణ ఎందుకు. దాన్ని ఓసారి సింహాచలం తీసుకెళ్ళి అప్పన్న దగ్గర పెట్టి తీసుకురా.

లెక్కల_మాస్టారు_ఎంవీపీ:

జోకులు తర్వాత. బాబూ, నువ్వు క్రికెట్ మనిషివి కాబట్టి ఐపీఎల్‌తోనే చెప్తాను. 2024లో కోల్‌కతా కప్పు కొట్టింది, వెంటనే కెప్టెన్ శ్రేయస్ అయ్యర్‌ని వదులుకుంది, పంజాబ్ వాళ్ళు 26.75 కోట్లు పెట్టి కొనుక్కుని 2025లో ఫైనల్ దాకా వెళ్ళారు, కోల్‌కతా ఎనిమిదో స్థానం. కోల్‌కతా వాళ్ళ దగ్గర డబ్బు లేకనా? కాదు, వేలంలో పర్స్ అని ఒక పరిమితి ఉంటుంది, దాంట్లోనే సర్దుకోవాలి.

అమెరికా లీగ్‌లో ఈ పర్స్ గోల ఇంకా ఎక్కువ. అక్కడ శాలరీ క్యాప్ 2025కి 59.5 లక్షల డాలర్లు, మన లెక్కన రమారమి 50 కోట్లు, ప్రధాన ఆటగాళ్ళందరి జీతాలూ దాంట్లోనే ఇమడాలి. మరి మెస్సీకి అంత ఎలా ఇస్తున్నారంటావా, ప్రతి జట్టుకీ ముగ్గురు డెసిగ్నేటెడ్ ప్లేయర్లు ఉండొచ్చు, వాళ్ళకి ఎన్ని కోట్లిచ్చినా క్యాప్‌లో కొంత భాగమే లెక్కకొస్తుంది. 2007లో ఈ రూల్ పెట్టిందే బెక్‌హామ్ కోసం, అతను వచ్చిందీ ఇదే గెలాక్సీకి. 2025లో గెలాక్సీలో ఆ మూడు కుర్చీలూ పుయిగ్, పెక్, పెయింట్సిల్‌తో నిండిపోయాయి. కప్పు కొట్టాక మిగతావాళ్ళ రేటు పెరుగుతుంది కదా, పెరిగిన రేటుకి క్యాప్‌లో చోటుండదు. ఫైనల్లో గోల్ కొట్టిన జొవెలిచ్‌ని కాన్సస్ సిటీకి ఇచ్చేశారు. ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ బ్రుగ్‌మన్ నాష్‌విల్‌కి పోయాడు. డెల్గాడో అయితే మరీ ఘోరం, పక్క వీధి శత్రువు ఎల్ఏఎఫ్‌సీకి. డిఫెండర్ నీల్ మాంట్రియల్‌కి. కప్పు తెచ్చినవాళ్ళని ఆ కప్పే ఇంట్లోంచి గెంటేసిందన్నమాట.

పోర్ట్_గ్రౌండ్_నంబర్6:

మాస్టారు చెప్పింది కరెక్టే గానీ అసలు దెబ్బ అక్కడ కాదు అని నా అభిప్రాయం. నేను పదిహేనేళ్ళు మన దగ్గర లీగుల్లో మిడ్‌ఫీల్డ్ ఆడాను, పోర్ట్ వాళ్ళతో, నేవీ వాళ్ళతో, ఏయూ గ్రౌండ్‌లో దుమ్ములో. అందుకే గోల్ కొట్టేవాడి కంటే బంతి అందించేవాడి మీదకే నా కళ్ళు పోతాయి.

రికీ పుయిగ్ అని బార్సిలోనాలో పెరిగిన కుర్రాడు, బక్కపల్చగా ఉంటాడు, గట్టిగా గాలేస్తే పడిపోయేలా. 2024లో గెలాక్సీ ఆటంతా అతని కాలి మీదే నడిచింది. వెనక డిఫెండర్ల దగ్గరికి తనే వెళ్ళి బంతి తీసుకుంటాడు, ఇద్దర్ని తప్పించుకుని ముందుకొస్తాడు, పెక్కో పెయింట్సిలో పరిగెత్తే దారిలోకి సరిగ్గా తోస్తాడు. ఫైనల్‌కి వారం ముందు సియాటిల్‌తో వెస్ట్ ఫైనల్లో అతని మోకాలి లిగమెంట్ తెగింది, ఏసీఎల్. తెగిన మోకాలితోనే ఆడుతూ గెలుపు గోల్‌కి పాస్ ఇచ్చాడు. ఆ గోల్ కొట్టింది జొవెలిచ్. 1-0. నాకూ 2011లో అదే లిగమెంట్ తెగింది, గ్రౌండ్‌లోంచి ఆటో దాకా నన్ను ఇద్దరు మోసుకెళ్ళారు, ఆ నొప్పితో పాస్ ఇవ్వడం అంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మనూళ్ళో ఒక ఆస్పత్రిలో మొదట బెణుకే అని కట్టు కట్టి పంపేశారు, ఆర్నెల్లు వృథా, అది వేరే కథ.

విషయం ఏంటంటే పుయిగ్ 2025 సీజన్ మొత్తం ఆడలేదు. ఒక్క లీగ్ మ్యాచ్ కూడా. ఇప్పుడు లెక్కేసుకోండి, పుయిగ్ మంచం మీద, డెల్గాడో శత్రువు ఇంట్లో, బ్రుగ్‌మన్ నాష్‌విల్‌లో. 2024లో నడిచిన మిడ్‌ఫీల్డ్‌లో చెర్రిల్లో ఒక్కడే మిగిలాడు. ఇల్లు అలాగే ఉంది, మధ్య స్తంభాలు తీసేశారు. పైగా పెయింట్సిల్ కూడా సీజన్ మొదట్లో గాయంతో కూర్చున్నాడు. డార్ట్‌మండ్ నుంచి వచ్చిన మార్కో రాయిస్ ఉన్నాడు, గొప్ప ఆటగాడే, కానీ మోకాళ్ళ వయసు వేరు కదా. తమ్ముడూ, నువ్వు చేపలకెళ్ళిన రోజు, అంటే అక్కడ మే 31, ఆ రాయిస్ 36వ పుట్టినరోజు, మొదటి గెలుపు ఆరోజే వచ్చింది. నువ్వు ఏం మిస్సయ్యావో ఇప్పుడు తెలిసిందా.

జగదాంబ_జంక్షన్:

అయ్యో పాపం, పుండు మీద కారం చల్లకండి అన్నా.

ఎండాడ_ఎల్లోకార్డ్:

క్యాప్, గాయాలు, క్యాప్, గాయాలు. విసుగొచ్చింది. క్యాప్ అందరికీ ఒకటే కదండీ! గెలాక్సీని మొదటి మ్యాచ్‌లో ఓడించిన శాన్ డియేగో కూడా అదే క్యాప్‌లో ఆడి, పుట్టిన మొదటి ఏడాదిలోనే 63 పాయింట్లతో వెస్ట్‌లో టాప్‌లో నిలిచింది. వాళ్ళకి చేతనైంది వీళ్ళకి ఎందుకు చేతకాలేదు?

నా లెక్కన ఇది మేనేజ్‌మెంట్ తప్పు. 2024లో వాళ్ళు ఆ ఒక్క ఏడాది కోసమే జట్టు కట్టారు, వచ్చే ఏడాది బిల్లు వస్తుందని తెలుసు. తెలిసి కూడా వెళ్ళినవాళ్ళ బదులు ఎవర్ని తెచ్చారు? పుయిగ్ రాడని డిసెంబర్‌లోనే తెలుసు కదా, అతని పని చేసేవాణ్ణి వెతకడానికి ఫిబ్రవరి దాకా టైముంది. పెళ్ళి ఘనంగా చేసి అప్పు ఎలా తీర్చాలో ఆలోచించని వాళ్ళలా ఉంది వీళ్ళ యవ్వారం. దానికి తోడు కోచ్ వానీకి కాంట్రాక్ట్ పొడిగింపు ఒకటి. ఒక్క గెలుపు లేకుండా కాంట్రాక్ట్ పెంచుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు, మా ఆఫీసులో అయితే ఇంక్రిమెంట్ అడగడానికే వణుకు.

లెక్కల_మాస్టారు_ఎంవీపీ:

కోచ్ విషయంలో మాత్రం ఒప్పుకోను. 2023లో ఇదే గెలాక్సీ వెస్ట్‌లో 13వ స్థానం. అప్పుడూ కోచ్ వానీయే. అభిమాన సంఘాలు మ్యాచ్‌లు బహిష్కరించి గొడవ చేస్తే క్లబ్ ప్రెసిడెంట్‌ని తీసేశారు గానీ వానీని ఉంచారు. మరుసటి ఏడు 64 పాయింట్లు, కప్పు. అంటే ఒకసారి ఓపిక పట్టి లాభపడ్డారు, రెండోసారీ అదే చేశారు. మనకి పిచ్చిగా కనబడొచ్చు, కానీ చేతిలో ఆటగాళ్ళు లేనప్పుడు కోచ్‌ని మారిస్తే మిడ్‌ఫీల్డ్ ఊడిపడుతుందా?

ఇలా కింద నుంచి పైకి, పై నుంచి కిందకి ఊగడం మనకి మాత్రం కొత్తా? మన డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఆఖరి స్థానం, 2009లో ఛాంపియన్లు. నీకు గుర్తుందో లేదో 2012లో వాళ్ళు మన పీఎం పాలెం స్టేడియంలో ఆడారు, రోహిత్ ముంబై తరఫున వచ్చి ఆఖరి బంతికి సిక్స్ కొట్టి మన జట్టునే ఓడించాడు, 2010 సీజన్ వరకూ ఛార్జర్స్‌లో ఉన్నవాడే. నేను స్టాండ్స్‌లో ఉన్నాను, ఏడవాలో చప్పట్లు కొట్టాలో తెలియని రాత్రి అది.

ఎండాడ_ఎల్లోకార్డ్:

2012 మాట ఎందుకు మాస్టారూ, 2025లో చెన్నై పదో స్థానం. దాని గురించి మాట్లాడరేం, అక్కడ మీ అభిమానం అడ్డొస్తోందా 😄

లెక్కల_మాస్టారు_ఎంవీపీ:

ఆ విషయం వదిలేద్దాం.

ఆదివారం_ఎనిమిదింటికి:

అందరికీ థాంక్స్, ఇప్పుడు కొంచెం వెలిగింది. పోర్ట్ గ్రౌండ్ అన్నా, ఆ స్తంభాల మాట బాగుంది, నేను ఇన్నాళ్ళూ గోల్స్ కొట్టేవాళ్ళని తిట్టుకుంటున్నా. కానీ జొవెలిచ్ వెళ్ళిన కాన్సస్ సిటీ ఎక్కడుందో చూస్తే నవ్వొచ్చింది, వెస్ట్‌లో 14వది గెలాక్సీ అయితే 15వది వాళ్ళే, 28 పాయింట్లు. ఇక్కణ్ణుంచి పోయినవాడూ సుఖపడలేదు.

ఇంకొకటి, మరి ఆగస్టులో లీగ్స్ కప్ అని ఏదో ఆడారు కదా, అందులో బాగానే గెలిచారేంటి? ఒకే జట్టు ఒక టోర్నీలో అలా, ఇంకోదాంట్లో ఇలా? కింది లీగ్‌కి తోయడం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

కంచరపాలెం_టు_కార్సన్:

నేను చెప్తాను, నేనుండేది ఇక్కడే, అమెరికాలో. లీగ్స్ కప్ అంటే అమెరికా లీగ్ జట్లూ మెక్సికో లీగ్ జట్లూ కలిసి ఆడేది. గెలాక్సీ క్వార్టర్స్‌లో పచూకాని 2-1తో కొట్టింది, సెమీస్‌లో సియాటిల్ చేతిలో ఓడింది, మూడో స్థానం మ్యాచ్‌లో ఓర్లాండోని 2-1తో ఓడించింది. ఆ మూడో స్థానానికి బహుమతి ఏంటో తెలుసా, 2026 కాంకకాఫ్ ఛాంపియన్స్ కప్‌లో చోటు. అంటే వెస్ట్‌లో చివరి నుంచి రెండో జట్టు ఖండం మొత్తం ఛాంపియన్ల టోర్నీకి అర్హత సాధించింది. మా ఆఫీసులో మెక్సికో అతను ఒకడున్నాడు, అతనికి ఈ సంగతి చెప్పినప్పుడల్లా టీ తాగడం ఆపేసి నవ్వుతాడు. నిజానికి 2025 ఛాంపియన్స్ కప్‌లో కూడా క్వార్టర్స్ దాకా వెళ్ళి టిగ్రెస్ చేతిలో ఓడారు. లీగ్‌లో గెలుపు లేని ఆ రోజుల్లోనే అది కూడా. నాకౌట్‌లో రెండు మంచి రాత్రులు చాలు, లీగ్‌లో ముప్పై నాలుగు కావాలి, అంత లోతు ఈ జట్టుకి లేదు.

ఇక కింది లీగ్ సంగతి. ఇక్కడ రెలిగేషన్ అసలు లేదు, వస్తుందని కూడా నేననుకోను. కారణం డబ్బు. శాన్ డియేగో వాళ్ళు ఈ లీగ్‌లోకి రావడానికే 50 కోట్ల డాలర్లు కట్టారు, మన లెక్కన నాలుగు వేల కోట్ల పైమాట. అంత పోసి సీటు కొన్నవాడు, ఒక్క ఏడాది బాగా ఆడకపోతే దిగిపో అంటే ఊరుకుంటాడా. పైగా ఇక్కడ ఆటగాళ్ళ కాంట్రాక్టులు క్లబ్‌తో కాదు, లీగ్‌తోనే ఉంటాయి, క్లబ్బుల యజమానులంతా ఆ లీగ్‌లో వాటాదారుల్లాంటివాళ్ళు. ఒకే కంపెనీలో ఒక బ్రాంచిని ఎవడు మూసుకుంటాడు చెప్పండి.

దానికో చెడ్డ వైపు ఉంది, అది నేను స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. 2024లో కార్సన్ గ్రౌండ్‌లో కూర్చుంటే ఏదో ఒకటి జరుగుతుందిలే అన్న ధైర్యం ఉండేది, 2025 సెప్టెంబర్ వచ్చేసరికి ఏం జరిగినా ఏమీ కాదు అన్నట్టు ఉండేది. భయం కూడా లేదు చూడండి, అదే బాధ. ఇంగ్లాండ్‌లో అయితే ఈ స్థానంలో ఉన్న జట్టు ప్రతి మ్యాచ్‌కీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆడుతుంది. ఇక్కడ నా ముందు వరసలో ఒకాయన రెండో సగంలో ఫోన్‌లో బేస్‌బాల్ చూసుకుంటున్నాడు. తిట్టాలనిపించి, తర్వాత స్కోరెంత అని నేనే అడిగాను.

పోర్ట్_గ్రౌండ్_నంబర్6:

అయినా దిగిపోయే భయం లేకపోవడం ఒక రకంగా నయమే అనిపిస్తుంది నాకు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా? 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు, మరుసటి ఏడు రెండో స్థానం, ఆ పై సీజన్లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, ఆఖరి స్థానం. అక్కడ క్యాప్ కాదు, జీతాలందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. చివరికి 2025లో జట్టునే ఢిల్లీకి తీసుకుపోయారు. తెలుగువాళ్ళకి ఉన్న ఒక్క పెద్ద ఫుట్‌బాల్ జట్టు అది. నేను ఇక్కణ్ణుంచి రాత్రి బస్సెక్కి గచ్చిబౌలి వెళ్ళి మరీ చూసేవాణ్ణి. గెలాక్సీ 14వ స్థానంలో ఉన్నా కార్సన్‌లోనే ఉంటుంది తమ్ముడూ, ఆదివారం పొద్దున నీ ఫోన్‌లో కనబడుతుంది.

ఎండాడ_ఎల్లోకార్డ్:

దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదన్నా. నేనూ ఒకసారి అదే బస్సెక్కాను.

ఆదివారం_ఎనిమిదింటికి:

సరే, ఇంకో సీజన్ చూస్తా. ఆపిల్ టీవీలో ఆ సీజన్ పాస్ మళ్ళీ కట్టాలా? నిరుడు కట్టినదానికే మా ఆవిడ ఇంకా లెక్క అడుగుతోంది.

కంచరపాలెం_టు_కార్సన్:

అక్కర్లేదు, 2026 నుంచి విడిగా పాస్ తీసేశారు, మామూలు ఆపిల్ టీవీ చందాలోనే మ్యాచ్‌లన్నీ వస్తాయి. ఇంకోమాట, 2027 నుంచి సీజన్ కూడా మారుస్తున్నారు, యూరప్‌లోలా జూలైలో మొదలై మే దాకా. చలికాలంలో ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి అప్పుడు నీకు మ్యాచ్ పొద్దున తొమ్మిదికి వస్తుంది.

ఆదివారం_ఎనిమిదింటికి:

తొమ్మిదికా? అయితే ముందు హార్బర్‌కి వెళ్ళి వంజరం తెచ్చేసి కూర్చోవచ్చు. అమ్మకి ఈ ముక్క ఇప్పుడే చెప్తా.

జగదాంబ_జంక్షన్:

చెప్పు, కానీ జెర్సీ మాత్రం వేసుకోకు.